రొయ్యల చెరువులో పీహెచ్ ప్రోబ్‌కి ఏ ఓపాంప్ పెట్టాలి? ఎల్ఎం358తో అస్సలు అవ్వడం లేదు

ఆకివీడు_చెరువుగట్టు:

అందరికీ నమస్కారం అండి. మాది ఆకివీడు పక్కన పల్లె. ఈసీఈ డిప్లొమా అయ్యాక చిన్నాన్న వాళ్ళ వెనామీ చెరువుల దగ్గరే ఉంటున్నాను. ఇప్పటిదాకా పీహెచ్ చూడాలంటే సీసాలో నీళ్ళు పట్టి టౌన్‌లో ల్యాబ్‌కి పంపడమే, రిపోర్ట్ చేతికొచ్చేసరికి చెరువులో సంగతి మారిపోయి ఉంటుంది. తెల్లవారుజామున తక్కువగా ఉండే పీహెచ్ ఎండెక్కాక ప్లాంక్టాన్ పనిచేయడంతో పెరుగుతుంది కదా, ఆ పొద్దుటికీ మధ్యాహ్నానికీ తేడా ఎంతో తెలిస్తేనే సున్నం వేయాలా, నీళ్ళు మార్చాలా అన్నది తేలుతుంది. అందుకని గట్టు మీదే ఉండే బాక్స్ ఒకటి చేద్దామని మొదలుపెట్టాను. మామూలు గాజు పీహెచ్ ప్రోబ్, బీఎన్‌సీ కనెక్టర్ ఉన్నది కొన్నాను, లోపల ఈఎస్పీ32 వైఫై మైక్రోకంట్రోలర్ బోర్డు.

సమస్య ఓపాంప్ (ప్రోబ్ ఇచ్చే చిన్న వోల్టేజీని అందుకునే ఆంప్లిఫయర్ చిప్పు) దగ్గర వచ్చింది. మొదట ఇంట్లో ఉన్న ఎల్ఎం358ని 5 వోల్టుల మీద ఫాలోయర్‌గా (ఇన్‌పుట్ వోల్టేజీని పెంచకుండా అలాగే అవుట్‌పుట్‌కి ఇచ్చేలా) పెట్టాను, ప్రోబ్ రిఫరెన్స్ వైరు 2.5 వోల్టులకి కట్టాను. అవుట్‌పుట్ 3.5 వోల్టుల పైన ఎక్కడో అంటుకుపోయి కదలడం లేదు, ప్రోబ్‌ని ఏ నీళ్ళలో ముంచినా అంతే. తర్వాత రెండు 9 వోల్టుల బ్యాటరీలు పెట్టి టీఎల్072తో చూశాను. ఇంట్లో బల్ల మీద బఫర్ (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణం) 7లో, 9.2లో బాగానే వచ్చింది, సంతోషించాను. అదే బాక్స్ చెరువు దగ్గర రేకుల షెడ్డు పక్కన పెడితే పొద్దున్న పర్వాలేదు, మధ్యాహ్నం ఒంటిగంట అయ్యేసరికి ల్యాబ్ రీడింగ్‌కీ దీనికీ 0.7, 0.8 తేడా వస్తోంది. సాయంత్రం మళ్ళీ దగ్గరకొస్తుంది.

నెట్‌లో వెతికితే సీఏ3140, ఎంసీపీ6002, ఎల్ఎంసీ6482, ఎల్ఎంపీ7721, ఓపీ07, ఏడీ620 అని ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు. ధరల్లో చాలా తేడా ఉంది. ఖరీదు ఎక్కువైనది కొనేస్తే పని అయిపోతుందా, లేక చూడాల్సింది వేరే ఏమైనా ఉందా? పంట మధ్యలో ఉన్నాం, తప్పు రీడింగ్ చూసి చిన్నాన్న ఏదైనా వేసేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. కాస్త వివరంగా చెప్పగలరు.

అమలాపురం_సర్క్యూట్స్:

తమ్ముడూ, ఏడీ620 తీసుకో. ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫయర్ అది, ఈసీజీ సర్క్యూట్లలో వాడతారు, సెన్సర్ పనికి దానికి మించింది లేదు. బడ్జెట్ సరిపోకపోతే ఓపీ07, ఆఫ్‌సెట్ (చిప్పు తనంతట తాను కలిపే వోల్టేజీ తప్పు) చాలా తక్కువ. ఎల్ఎం358తో కొలతల పని పెట్టుకోకూడదు.

పాలకొల్లు_రేడియో:

పై తమ్ముడు చెప్పిన రెండు చిప్పులూ మంచివే, కానీ ఈ పనికి రెండూ పనికిరావు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను, ఆ లెక్క వస్తే ఇక ఎవరినీ అడగక్కర్లేదు.

గాజు ప్రోబ్ అంటే ఏమిటి? దాని చివర బల్బు గాజు. ఆ గాజు గుండానే కరెంటు రావాలి, అందుకే దాని లోపలి రెసిస్టెన్స్ 50 మెగా ఓముల నుంచి కొన్ని వందల మెగా ఓముల దాకా ఉంటుంది. లెక్కకి 100 మెగా ఓములు అనుకుందాం. ఊట సన్నంగా ఉన్న నుయ్యి లాంటిది అది, మట్టం చూడొచ్చు గానీ మోటారు పెట్టి తోడితే మట్టమే పడిపోతుంది. ఓపాంప్ ఇన్‌పుట్ పిన్ ఎంత కరెంటు తీసుకున్నా, ఎంత వదిలినా, ఆ కరెంటు 100 మెగా ఓముల మీద వోల్టేజీ పుట్టిస్తుంది, నీకు కనపడే రీడింగ్‌లో అది కలిసిపోతుంది. డేటాషీట్‌లో దాన్ని ఇన్‌పుట్ బయాస్ కరెంట్ అంటారు. పీహెచ్ పనికి అన్నిటికంటే ముందు చూడాల్సిన గడి అదే. ఆఫ్‌సెట్ తర్వాత, శబ్దం ఇంకా తర్వాత, స్పీడ్ అసలు అక్కర్లేదు.

పీహెచ్‌లో ఒక యూనిట్ అంటే 25 డిగ్రీల దగ్గర 59.16 మిల్లీవోల్టులు. ఇది గుర్తుపెట్టుకో. ఇప్పుడు ఒక్కో చిప్పు.

ఎల్ఎం358 బయాస్ మామూలుగా 20 నుంచి 45 నానో ఆంపియర్లు ఉంటుంది. 100 మెగా ఓములతో గుణించు, 2 నుంచి 4.5 వోల్టులు. మిల్లీవోల్టులు కాదు, వోల్టులు! దాని ఇన్‌పుట్‌లో పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లు ఉంటాయి కాబట్టి కరెంటు పిన్ లోంచి బయటికి వస్తుంది, ప్రోబ్‌ని పైకి నెడుతుంది. నీ 2.5 మీద ఇంకో 2 వోల్టులు ఎక్కితే 4.5 అవ్వాలి, ఎల్ఎం358 అవుట్‌పుట్ సప్లయికి సుమారు ఒకటిన్నర వోల్టుల కిందే ఆగిపోతుంది, అందుకే నీకు 3.5 దగ్గర అంటుకుంది. చిప్పు పాడవలేదు, ప్రోబూ పాడవలేదు. 741 అయితే ఇంకా ఘోరం, 80 నానో ఆంపియర్లు.

ఓపీ07సీ బయాస్ సుమారు 1.8 నానో ఆంపియర్లు. అంటే 180 మిల్లీవోల్టులు, మూడు పీహెచ్ తప్పు. ఆఫ్‌సెట్ 60 మైక్రోవోల్టులే అని మురిసిపోయి లాభం లేదు, ఇక్కడ ఆ గొప్పతనం కనపడదు. ఏడీ620 డేటాషీట్ గరిష్ఠంగా 1 నానో ఆంపియర్ అంటుంది, మామూలుగా దానిలో సగం. అదే 50 నుంచి 100 మిల్లీవోల్టులు. ఈసీజీలో చర్మం, జెల్ రెసిస్టెన్స్ కిలో ఓముల్లో ఉంటుంది కాబట్టి అక్కడ చెల్లింది.

ఇక నీ టీఎల్072. దాని ఇన్‌పుట్‌లో జేఫెట్‌లు, 25 డిగ్రీల దగ్గర బయాస్ మామూలుగా 65 పికో ఆంపియర్లు (పికో అంటే నానోలో వెయ్యో వంతు). 6.5 మిల్లీవోల్టులు, 0.1 పీహెచ్. బల్ల మీద సరిగ్గా చూపించడానికి కారణం ఇదే, ఆ కాస్తా బఫర్‌తో క్యాలిబ్రేట్ చేసినప్పుడు సర్దుకుపోయింది. కానీ జేఫెట్ బయాస్ వేడితో పెరుగుతుంది, ప్రతి 10 డిగ్రీలకీ దాదాపు రెట్టింపు. రేకుల షెడ్డు పక్కన మూసిన బాక్స్‌లో ఎండాకాలం మధ్యాహ్నం లోపల 55 డిగ్రీలు అవ్వడం వింత కాదు. 65 కాస్తా 130, 260, 520. అంటే 52 మిల్లీవోల్టులు, దాదాపు 0.9 పీహెచ్. నువ్వు చూసిన 0.7, 0.8 అక్కడి నుంచే వచ్చింది. మధ్యాహ్నం చెరువులో పీహెచ్ నిజంగానే మారే సమయం కూడా అదే కాబట్టి ఈ తప్పు దానిలో కలిసిపోయి ఎవరికీ అనుమానం రాదు, నువ్వు ల్యాబ్‌తో పోల్చి చూశావు కాబట్టి తెలిసింది. అది చాలా మంచి పని చేశావు.

నా సలహా సూటిగా: ఎంసీపీ6002 కొనుక్కో. సీమాస్ ఇన్‌పుట్, 25 డిగ్రీల దగ్గర 1 పికో ఆంపియర్, 85 డిగ్రీల దగ్గర కూడా మామూలుగా 19. 1.8 నుంచి 6 వోల్టుల దాకా నడుస్తుంది, ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ సప్లయి అంచుల దాకా వెళ్తాయి, ఒక్కో ఆంప్ తినేది 100 మైక్రో ఆంపియర్లే, బ్యాటరీ మీద పెట్టడానికి హాయి. ఆఫ్‌సెట్ 4.5 మిల్లీవోల్టుల దాకా ఉండొచ్చు, అది స్థిరంగా ఉండే తప్పు, బఫర్ 7లో ముంచి సున్నా చేసుకుంటే పోతుంది.

ఎల్ఎంసీ6482 ఇంకా మంచిది, బయాస్ 0.02 పికో ఆంపియర్ అని ఇస్తారు, సప్లయి 15 వోల్టుల దాకా తట్టుకుంటుంది. అసలుది దొరికితే తీసుకో. సీఏ3140 పాతకాలం నుంచి పీహెచ్ మీటర్లలో చూస్తున్నదే, మాస్‌ఫెట్ ఇన్‌పుట్, చెడ్డది కాదు, కానీ 5 వోల్టుల మీద దాని ఇన్‌పుట్ సుమారు 2.6 వోల్టుల దాకే పనిచేస్తుంది, అవుట్‌పుట్ 3 దగ్గర ఆగిపోతుంది. 2.5 రిఫరెన్స్ పెడితే అంచు మీద నడిచినట్టే, 1.5కి దించాలి. ఈ తలనొప్పి ఇప్పుడు ఎందుకు?

అమలాపురం_సర్క్యూట్స్:

బాబాయ్, ఈ లెక్క నేను ఇలా ఎప్పుడూ చూడలేదు, ఏడీ620 మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్కటి అడుగుతాను, ఎల్ఎంపీ7721 బయాస్ 3 ఫెమ్టో ఆంపియర్లు (ఫెమ్టో అంటే పికోలో వెయ్యో వంతు) అని రాసి ఉంది, గరిష్ఠంగా 20. అంటే ఎంసీపీ6002 కన్నా వందల రెట్లు తక్కువ. డబ్బు పెట్టగలిగితే అదే పెట్టడం మేలు కదా?

భీమవరం_ల్యాబ్_మేడం:

నేను పాలిటెక్నిక్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ చెబుతాను, అందుకే ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయాను. పాలకొల్లు గారు చిప్పు లెక్క చక్కగా చెప్పారు. దానికి రెండో సగం ఉంది, అది బోర్డు. మన ప్రాంతంలో ఆ రెండో సగమే పెద్దది.

బోర్డు మీద ఇన్‌పుట్ పిన్ పక్కనే దానికన్నా 5 వోల్టులు ఎక్కువ ఉన్న లైను ఉందనుకోండి. రెండింటి మధ్య ఉన్నది ప్లాస్టిక్, దాని మీద సోల్డరింగ్ ఫ్లక్స్ మిగులు, వేలిముద్రల చెమట, గాలిలో తేమ. ఆ మురికి పొర రెసిస్టెన్స్ 10 గిగా ఓములు ఉందనుకుందాం, మల్టీమీటర్‌కి అది కనపడదు కూడా, ఓపెన్ అనే చూపిస్తుంది. 5 వోల్టులని 10 గిగా ఓములతో భాగిస్తే 500 పికో ఆంపియర్లు. 3 ఫెమ్టో ఆంపియర్ల చిప్పు పెట్టి పక్కనుంచి 500 పికో ఆంపియర్లు కారనిస్తే ఆ డబ్బు ఎటు పోయింది? 50 మిల్లీవోల్టులు, 0.8 పీహెచ్ పైన తప్పు, అచ్చంగా టీఎల్072 మధ్యాహ్నం చేసిన పనే. పైగా ఇది తేమతో పాటు మారుతుంది, వానాకాలం ఒకలా, ఎండాకాలం ఒకలా. అంతర్వేది వైపు, సముద్రం గాలి తగిలే చోట ఉప్పు పేరుకుంటే 10 గిగా ఓములు కాస్తా ఒకటికి దిగుతుంది. అందుకే ముందు బోర్డు శుభ్రం, ఆ తర్వాతే ఖరీదైన చిప్పు. బోర్డు సరిగ్గా ఉంటే ఎంసీపీ6002 చాలు, ఎల్ఎంపీ7721 మీకు అక్కర్లేదు. అది వాడేవాళ్ళు గార్డ్ రింగ్ (ఇన్‌పుట్ చుట్టూ అదే వోల్టేజీలో ఉండే రాగి గీత) గీసిన బోర్డు చేయించుకుంటారు, ఆ చిప్పు కాళ్ళ అమరిక కూడా ఇన్‌పుట్ పక్కన సప్లయి రాకుండా మార్చి ఇచ్చారు. వాళ్ళే అంత జాగ్రత్త పడ్డారంటే అర్థం చేసుకోండి.

తమ్ముడు ఇంట్లో చేసుకోగలిగిన పద్ధతి ఒకటి చెబుతాను. డిప్ ప్యాకేజీ ఎంసీపీ6002 తీసుకుని మూడో కాలుని మెల్లగా పైకి వంచు. అది బోర్డులోకి దిగకూడదు. బీఎన్‌సీ మధ్య పిన్ నుంచి వచ్చే పొట్టి వైరుని గాలిలోనే ఆ కాలికి సోల్డర్ చెయ్యి. గాలికన్నా మంచి ఇన్సులేటర్ మనకి అంత చవగ్గా దొరకదు. సోల్డరింగ్ అయ్యాక చిప్పు ఒంటినీ కనెక్టర్ లోపలి తెల్ల ప్లాస్టిక్‌నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడుగు, ఆరనివ్వు, ఆ తర్వాత వేలితో ముట్టుకోకు.

చాలామంది రక్షణ కోసమని ఇన్‌పుట్‌కి రెండు 1ఎన్4148 డయోడ్లు పెడతారు. వద్దు. వాటి లీకేజీ డేటాషీట్‌లో 20 వోల్టుల దగ్గర 25 నానో ఆంపియర్ల దాకా ఉంది, తక్కువ వోల్టేజీలో తగ్గినా మన లెక్కకి ఎక్కువే. దానికి బదులు సిరీస్‌లో 1 మెగా ఓమ్ ఒకటి పెట్టు, ప్రోబే 100 మెగా ఓములు ఉన్నప్పుడు అది లెక్కలోకి రాదు, చిప్పు లోపలి రక్షణకి మాత్రం ఆసరా అవుతుంది. ఇన్‌పుట్ దగ్గర సెరామిక్ కెపాసిటర్ కూడా పెట్టకు, దానికీ లీకేజీ ఉంటుంది. ఫిల్టర్ కావాలంటే ఫాలోయర్ తర్వాత పెట్టుకో.

ఎంసీపీ6002లో రెండు ఆంపులు ఉన్నాయి కదా, రెండోది ఖాళీగా వదలకు. రెండు 10 కిలో ఓముల రెసిస్టర్లతో 5 వోల్టులని సగం చేసి, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, దాన్ని రెండో ఆంప్ ఫాలోయర్ గుండా పంపితే గట్టి 2.5 వోల్టుల రిఫరెన్స్ వస్తుంది. ప్రోబ్ రిఫరెన్స్ వైరు, అంటే బీఎన్‌సీ బయటి చుట్టు, అక్కడికి.

ఇప్పుడు పరీక్ష. ఇది చేయకుండా చెరువు దగ్గరికి వెళ్ళకు. ప్రోబ్ తీసేసి బీఎన్‌సీ మధ్య పిన్‌నీ బయటి చుట్టునీ షార్ట్ చెయ్యి, అవుట్‌పుట్‌కీ రిఫరెన్స్‌కీ మధ్య మిల్లీవోల్టులు రాసుకో. తర్వాత షార్ట్ స్థానంలో 10 మెగా ఓముల రెసిస్టర్లు పది వరసగా కలిపి పెట్టు, మొత్తం 100 మెగా ఓములు. మొత్తం సర్క్యూట్‌ని బిస్కెట్ డబ్బా లాంటి రేకు డబ్బాలో మూసి, డబ్బాని రిఫరెన్స్‌కి కలిపి మళ్ళీ చదువు. రెండు రీడింగుల తేడాని 100 మెగా ఓములతో భాగిస్తే నీ ఇన్‌పుట్‌లో పారుతున్న అసలు కరెంటు. చిప్పు బయాస్, బోర్డు లీకేజీ, రెండూ కలిపి. తేడా 1 మిల్లీవోల్టు లోపు ఉంటే నిశ్చింతగా ఉండు. ఆ తర్వాత హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి మళ్ళీ చూడు, మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఇంట్లోనే తెలిసిపోతుంది.

ఆకివీడు_చెరువుగట్టు:

మేడం గారూ, పాలకొల్లు బాబాయ్ గారూ, చాలా థాంక్స్ అండి. ఇలా లెక్కతో ఎవరూ చెప్పలేదు. చిప్పులు తెప్పించి మేడం చెప్పిన పరీక్ష చేశాను.

ఎంసీపీ6002, మూడో కాలు గాలిలో, కడిగాక: షార్ట్‌కీ 100 మెగా ఓములకీ తేడా అర మిల్లీవోల్టు కూడా లేదు. వేడి చేస్తే కాస్త పెరిగింది, 1 దాటలేదు. కడగకముందు కూడా ఒకసారి చూశాను, అప్పుడు 10 పైనే ఉంది, నోటితో ఊదితే ఇంకా పెరిగింది. కళ్ళతో చూస్తే గానీ నమ్మేవాడిని కాదు.

రెండోది విచిత్రంగా ఉంది. ఎల్ఎంసీ6482 అని రాసిన చిప్పులు కూడా ఆన్‌లైన్‌లో ఒక చోట చవగ్గా దొరికాయి. అదే బోర్డు, అదే పద్ధతి, 100 మెగా ఓములు పెట్టగానే 3.5 దగ్గర అంటుకుపోయింది, ఎల్ఎం358 లాగే. సాకెట్‌లో ఏది మార్చి పెట్టినా అంతే. నేను ఏమైనా తప్పు కట్టానా?

ఇంకో సమస్య. ఎంసీపీ6002 బాక్స్‌ని చెరువు దగ్గర పెట్టాను, మధ్యాహ్నం తేడా పోయింది, ల్యాబ్‌తో 0.1 లోపే ఉంది. కానీ ఏరియేటర్లు ఆన్ చేయగానే రీడింగ్ ఒక్కసారిగా గెంతుతోంది, ఆఫ్ చేస్తే మామూలే. ఈఎస్పీ32కి షెడ్డులో మొబైల్ చార్జర్ పెట్టి వైరు లాగాను. రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతాయి కాబట్టి తెల్లవారుజాము రీడింగే రావడం లేదు, అదే అన్నిటికంటే ముఖ్యం.

పాలకొల్లు_రేడియో:

నువ్వు సరిగ్గానే కట్టావు. అవి ఎల్ఎంసీ6482లు కావు, ఎల్ఎం358 లాంటి చవక చిప్పు మీద పాత పేరు చెరిపేసి కొత్త పేరు కొట్టినవి. రెండింటి కాళ్ళ అమరిక ఒకటే కాబట్టి మామూలు సర్క్యూట్లో పెడితే పనిచేసేస్తాయి, ఎవరికీ తెలియదు. మేడం చెప్పిన 100 మెగా ఓముల పరీక్షకి మాత్రం దొరికిపోతాయి. చవగ్గా వస్తున్నాయని ఎక్కడపడితే అక్కడ కొనొద్దు. పెద్ద డిస్ట్రిబ్యూటర్ల దగ్గర నాలుగు రూపాయలు ఎక్కువైనా బిల్లుతో తీసుకో, లేదా కోఠి గుజరాతీ గల్లీలో తెలిసిన కొట్టు ఉంటే అక్కడ. ఏది తెచ్చినా ఆ పరీక్ష చేశాకే బోర్డెక్కించు.

ముమ్మిడివరం_ఆక్వా:

బాబూ, ఏరియేటర్ సంగతి నేను చెబుతాను, మేము చెరువుల్లో సెన్సర్లు పెట్టి ఈ బాధలన్నీ పడ్డవాళ్ళమే.

ముందు చిప్పు సంగతి పక్కన పెట్టి ఒకటి చూడు. ఏరియేటర్ ఆన్ చేస్తే నీళ్ళలో వోల్టేజీ కదులుతోందంటే ఏదో ఒక మోటారు ఇన్సులేషన్ బలహీనంగా ఉండొచ్చు, కేబుల్ జాయింట్‌లో నీళ్ళు దిగి ఉండొచ్చు. అన్నీ ఆపి ఒక్కొక్కటి ఆన్ చేస్తూ ఎప్పుడు గెంతుతుందో చూసి ఆ మోటారుకి ఎలక్ట్రీషియన్ చేత మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టించు. కరెంటు బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే పెట్టించమని మీ చిన్నాన్నకి చెప్పు, ఎర్తింగ్ కూడా సరి చూసుకోండి. చెరువులో దిగి పనిచేసే మనుషులు ఉంటారు, కరెంటు కొట్టి ప్రాణాలు పోయిన ఇళ్ళు మన గోదావరి జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో నీకూ తెలుసు. రీడింగ్ సంగతి ఆ తర్వాత.

ఇక రీడింగ్. పీహెచ్ ప్రోబ్ రిఫరెన్స్ అంటే నీ సర్క్యూట్‌ని నేరుగా చెరువు నీళ్ళకి కట్టేసినట్టే. రెండో వైపు నీ చార్జర్ కరెంటు లైనుకి కొంత కలిసే ఉంటుంది, లోపలి కెపాసిటర్ గుండా అయినా. నీళ్ళలో మోటారు లీకేజీ, ఇటు చార్జర్, మధ్యలో నీ ప్రోబ్. ఆ కరెంటు రిఫరెన్స్ గుండా పారి రీడింగ్‌ని తోసేస్తుంది. దీనికి ఎంత గొప్ప ఓపాంప్ పెట్టినా ప్రయోజనం లేదు.

రెండు వైపుల మధ్య కరెంటు దారి తెంపే ఐసోలేటర్ చిప్పు, ఐసోలేటెడ్ కన్వర్టర్ పెట్టే దారి ఉంది, ఏడీయూఎం1250, బీ0505ఎస్ లాంటివి, పనిచేస్తాయి. కానీ చెరువు గట్టుకి నేను చెప్పేది ఇంకా తేలిక. చార్జర్ పీకేయి. చిన్న బ్యాటరీ, దాని మీద చిన్న సోలార్ ప్లేటు, డేటా వైఫైలో పంపు. బాక్స్‌కీ బయటి లోకానికీ మధ్య ఒక్క వైరు కూడా ఉండకూడదు, ప్రోబ్ తప్ప. ఏ వైరూ లేకపోతే కరెంటు పారడానికి దారీ లేదు. ఎంసీపీ6002 తినేది ఏమీ లేదు కాబట్టి ఈఎస్పీ32ని ఎక్కువసేపు నిద్రపుచ్చితే బ్యాటరీ హాయిగా లాగుతుంది.

అదే నీళ్ళలో డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) ప్రోబ్, ఉప్పుదనం ప్రోబ్ కూడా పెట్టాలనుకుంటే ఒకే బోర్డు గ్రౌండ్ మీద అన్నీ కట్టకు, ఒకదాని కరెంటు ఇంకోదానిలోకి వెళ్తుంది. పీహెచ్‌కి వేరే బాక్స్ ఉండాలి.

ఆకివీడు_చెరువుగట్టు:

ఆయ్, అలాగే అండి. మోటార్లు చూపిస్తాం, ఆ మాట వినగానే చిన్నాన్న ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశారు.

డీవో కూడా పెట్టాలని ఉంది, అసలు రాత్రి పూట భయం దానిదే కదా. గాల్వానిక్ రకం ప్రోబ్ చూశాను. దానికి కూడా ఎంసీపీ6002 సరిపోతుందా? ఇంకొకటి, ఈఎస్పీ32 ఏడీసీ (వోల్టేజీని అంకెలుగా మార్చే భాగం) తిన్నగా ఉండదంటున్నారు, పీహెచ్‌కి ఓపాంప్ తర్వాత గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలన్నది) ఎంత పెట్టాలి?

భీమవరం_ల్యాబ్_మేడం:

గాల్వానిక్ డీవో ప్రోబ్ పూర్తిగా ఎదురు కేసు. అది ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులు, పెద్దవి కొన్ని పదుల మిల్లీవోల్టులు, కానీ దాని లోపలి రెసిస్టెన్స్ కిలో ఓముల్లోనే. కాబట్టి బయాస్ కరెంట్ గురించి బెంగ లేదు. ఇక్కడ గెయిన్ పెట్టాలి, గెయిన్ పెడితే ఆఫ్‌సెట్ కూడా అంతే పెరుగుతుంది. ఎంసీపీ6002 ఆఫ్‌సెట్ 4.5 మిల్లీవోల్టుల దాకా ఉండొచ్చని పైన అనుకున్నాం, సిగ్నలే కొన్ని మిల్లీవోల్టులు ఉన్న చోట అది చాలా ఎక్కువ, పైగా వేడికి కదులుతుంది. దీనికి ఓపీఏ333 చూడు, ఆఫ్‌సెట్ గరిష్ఠంగా 10 మైక్రోవోల్టులు, తనని తాను సరిచేసుకునే రకం, 1.8 నుంచి 5.5 వోల్టుల మీద నడుస్తుంది. దాని బయాస్ 70 పికో ఆంపియర్లు, పీహెచ్‌కి పెడితే 7 మిల్లీవోల్టుల తప్పు, డీవోకి పెడితే అసలు తెలియదు. పైన అమలాపురం తమ్ముడు చెప్పిన ఓపీ07 కూడా డీవోకి పనికొచ్చేదే, కాకపోతే దానికి ప్లస్, మైనస్ సప్లయి కావాలి, బ్యాటరీ బాక్స్‌లో ఇబ్బంది. ఏ చిప్పు మంచిదని కాకుండా నీ సెన్సర్ రెసిస్టెన్స్ ఎంత, సిగ్నల్ ఎంత అని అడుగు, చిప్పు దానంతట అదే తేలుతుంది.

ఏడీసీ సంగతి. ఏడీఎస్1115 పెట్టు, 16 బిట్లు. పీహెచ్ 0 నుంచి 14 దాకా మొత్తం కదలిక 7 దగ్గరి నుంచి అటు 414, ఇటు 414 మిల్లీవోల్టులే. ఏడీఎస్1115లో ప్లస్, మైనస్ 0.512 వోల్టుల రేంజి ఉంది, అందులో సరిగ్గా పడుతుంది, ఒక్కో మెట్టు 15.6 మైక్రోవోల్టులు. ఓపాంప్ అవుట్‌పుట్‌నీ 2.5 వోల్టుల రిఫరెన్స్‌నీ డిఫరెన్షియల్‌గా దానికి ఇచ్చెయ్యి, గెయిన్ అసలు అక్కర్లేదు, ఫాలోయర్ చాలు. గెయిన్ రెసిస్టర్లు లేకపోతే అవి వేడికి మారే గొడవా లేదు. స్పీడ్ 8 శాంపిళ్ళకి తగ్గించి కొన్నిటి సగటు తీసుకో, కరెంటు లైన్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ హమ్ చాలావరకు పోతుంది.

నీటి ఉష్ణోగ్రత కూడా కొలువు. ఒక పీహెచ్‌కి 59.16 అన్నది 25 డిగ్రీలకే, ప్రతి డిగ్రీకీ సుమారు 0.2 మిల్లీవోల్టు పెరుగుతుంది, 35 డిగ్రీల నీళ్ళలో 61 దాటుతుంది. 7కి దగ్గరగా ఉంటే తేడా తెలియదు, 9 వైపు వెళ్ళేకొద్దీ తెలుస్తుంది.

0.1 కోసం ఇంత పట్టుదల అవసరమా అని ఎవరైనా అంటే ఇది చెప్పు. నీళ్ళలో ఉన్న మొత్తం అమ్మోనియాలో రొయ్యకి విషమయ్యే భాగం పీహెచ్‌ని బట్టి మారుతుంది. 30 డిగ్రీల మంచినీటిలో లెక్కేస్తే పీహెచ్ 8 దగ్గర అది 7 శాతం చుట్టూ ఉంటుంది, 9కి వచ్చేసరికి 40 శాతం దాటుతుంది. ఉప్పు నీళ్ళలో కాస్త తగ్గుతుంది, తీరు మాత్రం అదే. బాక్స్ 0.8 తప్పు చూపిస్తే ఆ రోజు రైతు చేసే నిర్ణయమే మారిపోతుంది.

ముమ్మిడివరం_ఆక్వా:

బాక్స్ గురించి రెండు మాటలు. కేబుల్ రంధ్రాలు మూయడానికి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడకు, ఆరేటప్పుడు వచ్చే ఆమ్లం రాగిని తినేస్తుంది, న్యూట్రల్ రకం అడిగి తీసుకో. లోపల సిలికాజెల్ పొట్లం పెట్టి రంగు మారితే మార్చు. ప్రోబ్ కేబుల్ పొట్టిది అని మామూలు వైరు అతికించి పొడిగించొద్దు, బాక్స్‌నే ప్రోబ్ దగ్గరికి తీసుకెళ్ళు. ప్రోబ్‌ని అస్తమానం నీళ్ళలో ఉంచితే నాచు, బంక పట్టి కొన్నాళ్ళకే మొద్దుబారిపోతుంది, రోజు విడిచి రోజైనా మెత్తటి బ్రష్‌తో కడగాలి. పంట పట్టుబడి అయ్యాక ప్రోబ్‌ని ఎండబెట్టకు, డిస్టిల్డ్ వాటర్‌లోనూ పెట్టకు, పొటాషియం క్లోరైడ్ ద్రావణంలోనే ఉంచు.

ఆకివీడు_చెరువుగట్టు:

చార్జర్ తీసేసి బ్యాటరీ మీద పెట్టాను అండి, ఏరియేటర్లు అన్నీ తిరుగుతున్నా రీడింగ్ నిలకడగా ఉంది. ఒక మోటారు కేబుల్ జాయింట్ పాడైందని ఎలక్ట్రీషియన్ చెప్పారు, అది మార్పించేశాం, ఆర్సీసీబీ కూడా పెట్టిస్తున్నాం. ఏడీఎస్1115 వచ్చాక మార్చుకుంటాను. క్యాలిబ్రేషన్‌కి 4, 7 బఫర్లు చాలా, లేక 9.2 కూడా కావాలా? కొట్టులో 4, 7 సెట్టుగా ఇస్తున్నారు.

భీమవరం_ల్యాబ్_మేడం:

4 నీకు అక్కర్లేదు. నీ చెరువు 7.5 నుంచి 9 మధ్యే తిరుగుతుంది, కాబట్టి 7, 9.2తో చెయ్యి. 7లో ఆఫ్‌సెట్, 9.2లో స్లోప్ (ఒక పీహెచ్‌కి ఎన్ని మిల్లీవోల్టులు అన్నది). స్లోప్ లెక్కలో రావాల్సిన దానికి 90 శాతం కన్నా తగ్గితే ప్రోబ్ ముసలిదైపోయిందని అర్థం, మార్చెయ్యి. వాడిన బఫర్ మళ్ళీ సీసాలో పోయకు. 9.2 సీసా మూత తీసి ఉంచొద్దు, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని దాని పీహెచ్ మెల్లగా పడిపోతుంది.